కట్టుబాట్లన్నీ ఆటగాడికేనా?

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టెజ్ వాకర్ 2023 సీజన్‌లో ఆడటానికి వీల్లేదని, అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపించే ఎన్‌సీఏఏ సెప్టెంబరు 7, గురువారం తేల్చేసింది. యూనివర్సిటీ పెట్టుకున్న అప్పీలును కూడా కొట్టేసింది. శనివారం కెనన్ స్టేడియంలో అపలాచియన్ స్టేట్‌తో మ్యాచ్ ఉంది. ప్రాక్టీసు చేయనిస్తారట, మ్యాచ్ మాత్రం ఆడనివ్వరట. ఇది తప్పుడు నిర్ణయం. ఆలస్యం చేయకుండా వెనక్కి తీసుకోవాలి.

జరిగిందంతా ఆ యూనివర్సిటీ ఉన్న చాపెల్ హిల్ చుట్టుపక్కల మన పాఠకులకు తెలిసిందే. కేరీ, మోరిస్‌విల్‌లలోని తెలుగు ఇళ్లలో ఆ యూనివర్సిటీలో చదివే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. 'ఫ్రీ టెజ్' (టెజ్‌ను ఆడనివ్వండి) అన్న నినాదం ఎందుకు పుట్టిందో వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. అయినా ఒక్క విషయం మళ్లీ చెప్పుకోవాలి. వాకర్ షార్లట్ కుర్రాడు. మొదట డర్హమ్‌లోని నార్త్ కరోలినా సెంట్రల్‌లో చేరాడు. కొవిడ్ వల్ల అక్కడ ఆ సీజనే జరగలేదు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఒహాయోలోని కెంట్ స్టేట్‌కు వెళ్లాడు. 2022 సీజన్‌లో అక్కడ 58 క్యాచ్‌లు పట్టి 921 గజాలు, 11 టచ్‌డౌన్‌లు చేశాడు. ఆ తర్వాత సొంత రాష్ట్రానికి తిరిగొచ్చాడు. ఎన్‌సీఏఏ లెక్కలో ఇది రెండో బదిలీ; అప్పటి నిబంధన ప్రకారం రెండోసారి మారినవాడు మినహాయింపు దొరక్కపోతే ఏడాది పాటు బయట కూర్చోవాలి. జెర్సీ వేసుకుని మైదానంలో అడుగుపెట్టని కాలేజీని కూడా ఒక బదిలీ కింద కట్టారు.

తిరిగి రావడానికి అతను చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది నాయనమ్మ అనారోగ్యం. కాలేజీలో మనవడు ఆడుతుంటే ఆవిడ ఒక్కసారి కూడా స్టేడియంలో కూర్చుని చూడలేదు. షార్లట్ నుంచి ఒహాయో వెళ్లే ఓపిక ఆవిడకు లేదు. చాపెల్ హిల్ అయితే కారులో రెండు గంటల పైచిలుకు దూరం. అతని మానసిక ఆరోగ్యం గురించి కూడా యూనివర్సిటీ విన్నవించుకుంది. ఇవేవీ కమిటీకి సరిపోలేదు.

ఎన్‌సీఏఏ వైపు నుంచీ ఒక మాట ఉంది. అడ్డూ అదుపూ లేకపోతే పెద్ద కాలేజీలు ఏటా చిన్న కాలేజీల ఆటగాళ్లను ఎగరేసుకుపోతాయని, మాటిమాటికీ కాలేజీ మారితే చదువు దెబ్బతింటుందని అంటున్నారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ ఆ భయానికి మూల్యం ఆటగాడు ఒక్కడే ఎందుకు చెల్లించాలన్నదే మా ప్రశ్న.

2023 సెప్టెంబరు 1న ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ఏసీసీ (నార్త్ కరోలినా ఆడే కాన్ఫరెన్స్, అంటే తమలో తాము పోటీపడే కాలేజీల కూటమి), పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్‌నూ కాల్‌నూ (బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం), టెక్సస్‌లోని ఎస్ఎంయూనూ చేర్చుకోవడానికి ఓటేసింది. 2022లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ లాస్ ఏంజెలిస్‌లో ఉంటూనే, ఎక్కడో మధ్య పడమటి రాష్ట్రాల్లో ఉన్న బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో చేరతామని ప్రకటించాయి. ఇవన్నీ టీవీ డబ్బు కోసం కాలేజీలు చేసుకున్న బదిలీలు. ఖండం ఈ కొస నుంచి ఆ కొసకు విమానాల్లో తిరిగి ఆడాల్సింది మాత్రం పిల్లలే. అప్పుడు చదువులు దెబ్బతినవా? ఆ కాలేజీల్లో ఒక్కదాన్నైనా ఏడాది పాటు బయట కూర్చోమన్నారా? కారణం చెప్పి మినహాయింపు తెచ్చుకోమన్నారా?

కోచ్‌ల సంగతి చూడండి. కెంట్ స్టేట్‌లో వాకర్‌ను ఆడించిన హెడ్ కోచ్ షాన్ లూయిస్ 2022 డిసెంబరులో కొలరాడోకు వెళ్లిపోయారు. ఆయనను తప్పుపట్టడం లేదు. మంచి అవకాశమొచ్చింది, వెళ్లారు. 2023 సీజన్‌లో కొలరాడో సైడ్‌లైన్‌లో నిలబడి పని చేసుకున్నారు. ఏ కమిటీ ఆయనను అడ్డగించలేదు. ఆయన జట్టులో ఆడిన కుర్రాడు మాత్రం ఇంటికి దగ్గరగా వచ్చినందుకు బెంచీ మీద కూర్చోవాలి. 'సిగ్గుండాలి' అని ఎన్‌సీఏఏను బహిరంగంగా నిలదీసిన వాకర్ కోచ్ మాక్ బ్రౌన్ కూడా 1997లో ఇదే నార్త్ కరోలినాను వదిలి టెక్సస్‌కు వెళ్లారు. అప్పుడూ ఎవరూ ఆపలేదు. ఆపి ఉండాల్సిందని మేం అనడం లేదు. ఆయనకున్న స్వేచ్ఛ ఆయన ఆటగాడికి లేకపోవడం అన్యాయం అంటున్నాం.

కోచ్ మారవచ్చు. కాలేజీ కాన్ఫరెన్స్ మారవచ్చు. జీతం తీసుకునే వాళ్లు, కోట్లు పంచుకునే సంస్థలు ఎటైనా పోవచ్చు. రెండోసారి కదిలితే శిక్ష పడింది ఒక్క విద్యార్థికే.

దీనికి తోడు నిబంధన బిగించిన తేదీ ఒకటి. నార్త్ కరోలినాకు వస్తున్నట్టు వాకర్ 2022 డిసెంబరులోనే ప్రకటించాడు. రెండోసారి మారేవాళ్లకు ఇచ్చే మినహాయింపులను ఎన్‌సీఏఏలో పై స్థాయి విభాగమైన డివిజన్ వన్ కౌన్సిల్ కట్టుదిట్టం చేసింది 2023 జనవరిలో. అంటే పాత నిబంధనలు నమ్ముకుని నిర్ణయం తీసుకున్నవాడిని కొత్త నిబంధనలతో కొలిచారు. ఏ చిన్న ఆఫీసులోనైనా కొత్త రూల్ పెడితే ఫలానా తేదీ తర్వాత వచ్చిన దరఖాస్తులకే వర్తిస్తుందని రాస్తారు. వందల కాలేజీలను నడిపించే సంస్థకు ఆపాటి ఇంగితం లేకపోయింది.

సర్టిఫికెట్లు ఆపేసి, టీసీ ఇవ్వకుండా తిప్పే కాలేజీల సంగతి మన వాళ్లకు తెలుసు. ఇక్కడ అంతకన్నా విడ్డూరం. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లు నమోదయ్యే జాబితా) వచ్చాక పాత కాలేజీ అనుమతి అక్కర్లేదు. చేర్చుకున్న కాలేజీ ఆడించడానికి సిద్ధంగా ఉంది. విద్యార్థి క్లాసులకు వెళుతున్నాడు. మధ్యలో ఇండియానాపొలిస్‌లో ఉన్న సంస్థ కాగితం మీద కుదరదని రాసింది.

ఇంకో మాట. ఎన్‌సీఏఏ అంటే ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, ఈ కాలేజీలే. కౌన్సిల్‌లో కూర్చునేది, కమిటీల్లో ఓటేసేది కాలేజీల మనుషులే. ఒక గదిలో కాన్ఫరెన్స్ మారడానికి ఓట్లేసుకుంటారు. ఇంకో గదిలో స్థిరత్వం ముఖ్యమంటూ ఒక కుర్రాడి సీజన్ లాగేసుకుంటారు. రెండు గదుల్లో కూర్చునే సంస్థలు అవే. 2021లో కాలేజీ ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో ఎన్‌సీఏఏకు మొట్టికాయ వేసింది. ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదని జస్టిస్ కావెనా విడిగా రాశారు. రెండేళ్లు గడిచినా ఆ మాట ఇండియానాపొలిస్‌కు చేరినట్టు లేదు.

ఒక్క ఏడాదే కదా, వచ్చే ఏడు ఆడుకోవచ్చు అనేవాళ్లున్నారు. వాకర్‌లా పరిగెత్తి బంతిని అందుకునే వైడ్ రిసీవర్‌కు కాళ్లలో వేగం ఉండేది కొన్నేళ్లే. ప్రాక్టీసులో మోకాలు బెణికితే ఆ వచ్చే ఏడు కూడా ఉండదు. నాయనమ్మకు వచ్చే ఏడు ఆరోగ్యం ఎలా ఉంటుందో కమిటీ హామీ ఇవ్వగలదా?

2023 మార్చిలో పగ్గాలు చేపట్టిన ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ మసాచుసెట్స్‌కు గవర్నర్‌గా చేశారు. ఓటర్ల ముందు నిలబడి జవాబు చెప్పుకోవడం ఆయనకు కొత్త కాదు. ఫైలు మళ్లీ తెరిపించాలి. 2023 జనవరికి ముందే కాలేజీ మారుతున్నట్టు చెప్పిన ప్రతి ఆటగాడికీ పాత నిబంధనే వర్తిస్తుందని ప్రకటించాలి. కోచ్‌కు, కాన్ఫరెన్స్‌కు లేని నిరీక్షణ ఆటగాడికి ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి.

కమిటీలో ఓటేసిన పెద్దలకు ఒక మాట. మీ కాలేజీ కోచ్ రేపు ఎక్కువ జీతానికి ఇంకో రాష్ట్రం వెళితే పూలగుత్తి ఇచ్చి సాగనంపుతారు. మీ కాలేజీ పాతికేళ్ల కాన్ఫరెన్స్‌ను వదిలేస్తే ముందుచూపు అంటారు. అనారోగ్యంతో ఉన్న నాయనమ్మ దగ్గరికి వచ్చిన విద్యార్థి దగ్గర మాత్రం నిబంధనల పుస్తకం తెరిచారు. ఇలా చేసిన తర్వాత విద్యార్థుల సంక్షేమం గురించి ఉపన్యాసాలు ఇవ్వకండి.