సిగ్నెటి తెచ్చింది మంత్రం కాదు, మనుషులను

ఇండియానా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ అంటే చాలాకాలం పాటు బాస్కెట్‌బాల్ మొదలయ్యేదాకా పొద్దుపుచ్చే వ్యవహారం. (నేను చెబుతున్నది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. మన మైదానాల్లో కాలితో తన్నే ఆట వేరు.) బాస్కెట్‌బాల్‌లో అయిదుసార్లు జాతీయ విజేత అయిన ఈ విశ్వవిద్యాలయం, ఫుట్‌బాల్‌కు వచ్చేసరికి మాత్రం కళాశాలల అగ్రశ్రేణి జట్లన్నిటిలోకీ ఎక్కువ ఓటములు మూటగట్టుకున్నదిగా 2024 సీజన్‌లో అడుగుపెట్టింది. అంతకు ముందు ఏడాది ఆడినవి 12, గెలిచినవి 3. కోచ్ టామ్ అలెన్‌ను గడువు తీరకముందే సాగనంపడానికి కోటీ 55 లక్షల డాలర్లు ఇచ్చుకోవలసి వచ్చింది.

ఆ కుర్చీలోకి వచ్చిన కర్ట్ సిగ్నెటికి అప్పటికి 62 ఏళ్లు. ఆటగాళ్లను ఎలా ఒప్పిస్తారని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇది: ‘నేను గెలుస్తాను. గూగుల్‌లో చూసుకోండి.’ విన్నవాళ్లు నవ్వుకున్నారు. చూసుకున్నవాళ్లకు మాత్రం నవ్వు రాలేదు. అలబామా విశ్వవిద్యాలయంలో పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ దగ్గర నాలుగేళ్లు సహాయకుడిగా పనిచేసిన మనిషి, 2011లో జీతం తగ్గినా సరే అని పెన్సిల్వేనియాలో ఒకప్పుడు తన తండ్రి కోచ్‌గా ఉన్న చిన్న జట్టుకు వెళ్లిపోయాడు. అక్కడి నుంచి ఈలాన్, తర్వాత జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయాల జట్లకు. ఆ చివరి చోట అయిదు సీజన్లలో 52 గెలుపులు, 9 ఓటములు.

2024లో జరిగింది ఇదీ. వరసగా పది ఆటలు గెలిచారు. నెబ్రాస్కాను 56-7తో చిత్తు చేశారు, మిషిగన్ మీద 20-15తో గట్టెక్కారు. సీజన్ ఆఖరున అదే రాష్ట్రంలోని చిరకాల వైరి పర్డ్యూను 66-0తో ఓడించారు. ప్రతిష్ఠాత్మక రోజ్ బౌల్ ఆటకు వెళ్లిన 1967 సీజన్‌లో కూడా ఈ జట్టు తొమ్మిదికి మించి గెలవలేదు. ఈసారి పదకొండు గెలిచి, అదే ఏడాది 12 జట్లకు విస్తరించిన జాతీయ ప్లేఆఫ్‌లో చోటు సంపాదించింది.

దీన్ని కోచ్ మహిమగా చెప్పుకోవడం తేలిక. అమెరికా క్రీడా పత్రికలు చాలావరకు ఆ పనే చేశాయి. నాకు మాత్రం సిగ్నెటి మాటల కంటే ఆయన వెంట తెచ్చుకున్న మనుషులే ముఖ్యంగా కనిపిస్తారు. జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్లు ఆయన వెనకే వచ్చారు. దాడి వ్యూహం చూసే మైక్ షానహాన్, రక్షణ వ్యూహం చూసే బ్రయంట్ హేన్స్ కూడా అక్కడివారే. రక్షణలో ఆడే ఏడెన్ ఫిషర్, మికాయిల్ కమారా, పాస్‌లు అందుకునే ఎలైజా సారట్ అక్కడ ఆడి ఇక్కడికి వచ్చినవాళ్లే. అంటే కొత్త కోచ్ కొత్త జట్టుకు పాఠం మొదటి నుంచి చెప్పలేదు. పాఠం వచ్చినవాళ్లనే తరగతి ముందు వరసలో కూర్చోబెట్టాడు. మిగిలినవాళ్లు వాళ్లను చూసి నేర్చుకున్నారు.

ఇది పదేళ్ల కిందట సాధ్యమయ్యే పని కాదు. అప్పట్లో కళాశాల మారిన ఆటగాడు ఏడాది పాటు ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. 2018లో కళాశాల మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021లో ఒకసారి మారితే ఆ శిక్ష ఎత్తేశారు, 2024లో ఎన్నిసార్లు మారినా అభ్యంతరం లేదన్నారు. ఆటగాళ్లకు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే హక్కు కూడా 2021లోనే దక్కింది. మన పాఠకులకు ఐపీఎల్ వేలం తెలుసు. పోర్టల్ అలాంటిదే, కాకపోతే సుత్తి కొట్టేవాడు ఉండడు, 2024లో ఖర్చుకు పరిమితీ లేదు. ఈ సంతలో అందరూ రేపటి ఆశలను కొంటుంటే, సిగ్నెటి నిన్న ఆడి చూపించినవాళ్లను కొన్నాడు. ఎత్తు, బరువు, పరుగు వేగం లెక్కల్లో అంతగా మెరవకపోయినా, వరసగా రెండు మూడేళ్లు మైదానంలో నిలబడ్డవాడైతే చాలు.

తేలిక ప్రత్యర్థులు దొరికారన్న విమర్శ సగం నిజం. ఆ మిగతా సగం తేలికవాళ్లను ఎంత తేడాతో ఓడించారన్న దాంట్లో ఉంది. అయితే ఒహాయో స్టేట్ మైదానంలో 38-15తో ఓడినప్పుడు అతుకులు బయటపడ్డాయి. మొత్తం ఆటలో ఇండియానా కదిలింది 151 గజాలు. దాడిని నడిపించి పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ అయిదుసార్లు నేలకూలాడు. బంతిని దూరంగా తన్నే పంటర్ చేతిలో బంతి జారింది, అతను తన్నిన ఇంకో బంతిని ఒహాయో స్టేట్ ఆటగాడు కేలబ్ డౌన్స్ అందుకుని 79 గజాలు పరుగెత్తి, గోల్ గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. నోటర్ డేమ్‌తో ప్లేఆఫ్‌లోనూ అంతే. ప్రత్యర్థి గోల్ గీత దగ్గరకు వెళ్లి బంతిని పోగొట్టుకున్న కాసేపటికే నోటర్ డేమ్ ఆటగాడు జెరమయా లవ్ 98 గజాలు పరుగెత్తాడు. చివరి రెండు నిమిషాల్లో వచ్చిన రెండు టచ్‌డౌన్లు స్కోరును 27-17గా మార్చి పరువు కాపాడాయి, అంతే. ఆటను ముందుండి నడిపే లైన్‌లో బలగం ఒక్క వేసవిలో తయారు కాదు. ఇల్లు అలకగానే పండగ కాదని మనవాళ్లు ఊరికే అనలేదు.

మనుషులను పోగొట్టుకున్న జేమ్స్ మాడిసన్ కుప్పకూలిందా అంటే అదీ లేదు. కొత్త కోచ్ బాబ్ చెస్నీ కింద అదే ఏడాది 9 గెలిచి, 4 ఓడింది. ఈ సంగతి నా వాదానికి కొంచెం అడ్డమే, ఒప్పుకుంటాను. మనుషులే సర్వస్వమైతే వాళ్లు మునిగిపోవాలి కదా. బహుశా అక్కడ మిగిలింది అలవాటు.

ఇక కర్టిస్ రోర్క్. కెనడా కుర్రవాడు, ఒహాయో విశ్వవిద్యాలయంలో (ఒహాయో స్టేట్ వేరు) ఆడి ఒకే ఒక్క సీజన్ కోసం ఇండియానా విశ్వవిద్యాలయం ఉన్న బ్లూమింగ్టన్ వచ్చిన క్వార్టర్‌బ్యాక్. 29 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. మోకాలి లిగమెంట్ తెగి ఉండగానే ఆ సీజనంతా ఆడాడని తర్వాత తెలిసింది. 2025 జనవరిలో శస్త్రచికిత్స అయింది, ఏప్రిల్‌లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏడో రౌండు దాకా అతని పేరు పిలవలేదు. అంతకు ముందే, పది గెలుపుల ఊపులో, కోచ్‌కు ఏడాదికి 80 లక్షల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్ల ఒప్పందం చేతిలో పడింది.

రోర్క్ ఖాళీ చేసిన చోటుకు పోర్టల్ నుంచే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆడిన ఫెర్నాండో మెండోజా వచ్చాడు. 2025 సీజన్‌లో కళాశాల ఫుట్‌బాల్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, జట్టు 16-0తో జాతీయ విజేత అయింది.