రీసేల్ విలువ గారికి, సొంత ఇంట్లో అద్దెకున్నవాడి విన్నపం

మహారాజశ్రీ రీసేల్ విలువ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమో కాదో ఇల్లు అమ్మేదాకా తేలదు కాబట్టి ఆ సంగతి అడగడం లేదు.

మా ఇంట్లో తమరు ఏ గదిలో ఉంటారో ఇప్పటికీ అంతుపట్టలేదు. కానీ ఉంటారు. గోడకు మేకు కొట్టబోతే సుత్తి పట్టుకుంటారు. గదికి రంగు మార్చుదామంటే "రేపు కొనేవాళ్లకు నచ్చకపోతే?" అని ఇంట్లో ఎవరో ఒకరి నోట పలుకుతారు. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లూ యజమాని అనే ఒక్క మనిషికే భయపడేవాళ్లం. ఆయనకు ఒక ముఖం, ఒక ఫోను నంబరు ఉండేవి. మంచి సమయం చూసి అడిగితే ఒప్పుకునేవాడు కూడా. సొంత ఇల్లు కొనుక్కున్నాక, ఇంకా ఎదురుపడని ఒక కొనుగోలుదారుకు భయపడుతున్నాం. ఆయన పేరు తెలియదు, ఎప్పుడొస్తాడో తెలియదు. అభిరుచులు మాత్రం అందరికీ కంఠస్థం. ఆయనకు తెలుపు ఇష్టం, లేత బూడిద ఇష్టం, ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకోలేని రంగు మరీ ఇష్టం.

మా అమ్మాయి తన గదికి ముదురు ఆకుపచ్చ అడిగింది. ఇంటికి చేయించే మార్పుల్లో రంగు కంటే చవకైనది లేదు, అంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలిగేదీ లేదు. ప్రైమర్ ఒక పూత, పైన లేత రంగు రెండు పూతలు వేస్తే ఆకుపచ్చ ఆనవాలు కూడా మిగలదు. అయినా తమరి పేరు చెప్పి నిరాకరించారు. అదే సమావేశంలో, పడకగది గోడ ఒకటి పగలగొట్టి హాలులో కలిపేద్దామన్న ప్రతిపాదనకు మాత్రం చప్పట్లు మోగాయి. హాలు విశాలంగా కనిపిస్తే తమరు పెరుగుతారట! కొనేవాళ్లు ముందుగా లెక్కపెట్టేది పడకగదులనేనని, ఒకటి తగ్గితే ఇల్లు ఏకంగా కింది వరుసలోకి జారుతుందని ఎవరికీ తట్టలేదు. ఆ గోడ పైకప్పు బరువు మోస్తోందేమో చూడాలి కదా అన్నందుకు నన్ను శకునపక్షి అన్నారు.

ఇక వంటగది. తమరి దర్బారు అక్కడే కదా! పాలరాయి వేయించుకున్నవాళ్లు పులుపు వస్తువు కనిపిస్తే ఉలిక్కిపడతారు, ఎక్కడ మచ్చ పడుతుందోనని. క్వార్ట్జ్ పలక వేయించుకున్నవాళ్లది ఇంకో అవస్థ. రాతిపొడిని పట్టి ఉంచే రెజిన్‌కు వేడి పడదు. అందుకని వేడి గిన్నె పట్టుకుని, దింపే చోటు కోసం వంటగదంతా ప్రదక్షిణం చేస్తుంటారు. వంట చేయడానికి కట్టిన గదిలో వంట జరిగిన ఆధారాలు లేకుండా చూసుకోవడమే వాళ్ల దినచర్య.

తమరి పద్దులు రాయడానికి అమెరికాలో వేరే యంత్రాంగమే ఉందని విన్నాను. 'కాస్ట్ వర్సెస్ వాల్యూ' అని ఏటా ఒక నివేదిక తెస్తారు, ఏ పనికి ఎంత పెడితే అమ్మకంలో ఎంత తిరిగొస్తుందో అందులో శాతాల్లో ఉంటుంది. 2024 నివేదిక ప్రకారం గ్యారేజీ తలుపు మార్పించినవాళ్లకు పెట్టిన దానికి దాదాపు 194 శాతం వస్తుంది. ఉన్న అరల చట్రాలను ఉంచి, తలుపులూ పైపలకా మార్చి, చిన్నగా సరిపెట్టుకున్న వంటగదికి 96 శాతం. ఖరీదైన సరుకుతో వంటగది మొత్తం తిరగకట్టించుకున్న మహానుభావులకు 38 శాతం. మనుషులు మసలే చోట ఎంత తక్కువ పెడితే అంత మేలు, కారు పడుకునే చోట తలుపు బాగుంటే చాలు అన్నమాట. ఇంతకీ ఈ తిరిగొచ్చే సొమ్ము, అమ్ముడైన ఇళ్లకు పోయి కొలిచినది కాదు. ఇళ్ల క్రయవిక్రయాల వృత్తిలో ఉన్నవాళ్లను అడిగి కట్టిన అంచనా. అంటే, మన్నించాలి, తమరు కొందరి అభిప్రాయాల సగటు. ఆ సగటుకు భయపడి మేం మేకు కొట్టడం మానేశాం.

అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం ఇంకో అడుగు ముందుకేసింది. ఏ పని చేయించుకుంటే ఇంటివాళ్లకు ఎంత సంతోషం కలిగిందో అడిగి, దానికి 'జాయ్ స్కోర్' పేరుతో పదికి ఇన్నని మార్కులు వేస్తుంది. సంతోషానికి కూడా అంకె దొరికింది కాబట్టి ఇక దాన్ని అనుభవించే శ్రమ మాకు తప్పింది.

అయ్యా, మీతో అసలు తగవు ఇక్కడ. తమరికి కళ్లు మాత్రమే ఉన్నాయి. గోడలో చెమ్మ ఉందనుకోండి. నీళ్లు పునాది నుంచి పైకి ఎక్కుతుంటాయి, లేదా గోడలోని పైపు కారుతుంటుంది, లేదా డాబా మీద నిలిచినవి దిగుతుంటాయి. ఆ నీళ్లు ఇటుకలోని, సిమెంటులోని లవణాలను కరిగించి పైకి తెస్తాయి. నీళ్లు ఆవిరైపోయి, లవణాలు తెల్లగా పూస్తాయి, వాటి ఒత్తిడికి రంగు పెచ్చులూడుతుంది. దీనికి మందు గోడ మీద లేదు, నీళ్లు వచ్చే చోట ఉంది. కానీ తమరి భక్తులు ఏం చేస్తారు? గీకేసి, పుట్టీ పెట్టి, ఖరీదైన రంగు కొడతారు. కొన్నాళ్లకు తెల్లపూత మళ్లీ పలకరిస్తుంది. అప్పుడు చెక్క పలకలు బిగించి దాన్ని 'డిజైనర్ గోడ' అంటారు. పైకప్పు కారుతుంటే ఫాల్స్ సీలింగు వేసి, కారుతున్న చోటికి సరిగ్గా కిందనే దీపం పెడతారు.

అసలైన మరమ్మతు చేయించినవాడికి దక్కేదేమిటి? ఖర్చు నిజం, చూపించుకోవడానికి శూన్యం. ఇంటికొచ్చిన చుట్టాలను డాబా ఎక్కించి "చూశారా, నీళ్లు నిలవకుండా వాలు ఎంత చక్కగా కుదిరిందో!" అని మురిసిపోయిన గృహస్థుణ్ణి నేనింతవరకు చూడలేదు. ఎర్త్ తీగ ఉన్నా లేకపోయినా స్విచ్చుల బోర్డు ఒకేలా కనిపిస్తుంది. కరెంటు లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సరఫరా తెంచేసి ప్రాణం కాపాడే పరికరం ఒకటుంది. హాలులో వేలాడే షాండ్లియర్‌తో పోలిస్తే దాని ఖరీదు చిల్లర. కానీ పాపం, అది డబ్బాలో దాక్కుంటుంది, షాండ్లియర్ వేలాడుతుంది.

విచిత్రం చూడండి. తీరా ఆ మహా కొనుగోలుదారు ఒక ఇంజనీరును వెంటబెట్టుకుని వస్తే, ఆ ఇంజనీరు షాండ్లియర్ వంక చూడనే చూడడు. పైకప్పు మూలలు చూస్తాడు. గోడ తడిమి చూస్తాడు, కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార సన్నబడుతుందేమో చూస్తాడు. కొత్త రంగు వాసన ఇల్లంతా కాక ఒక్క గోడ దగ్గరే వస్తే అక్కడే నిలబడిపోతాడు. బ్యాంకువాళ్లు ఇంకో రకం. తమరిని పెంచడానికని అనుమతి లేకుండా వేసిన పై గదిని, ఆమోదం పొందిన ప్లానులో వెతుకుతారు. దొరకదు. అంత ఖర్చుపెట్టి కట్టిన గది కాగితం మీద గాలి.

ఇంకో రహస్యం కూడా తమరు దాచిపెట్టారు. కట్టడం ఏటేటా అరిగిపోయేదే. ఏళ్లు గడిచాక ఇంటి ధర పెరిగిందంటే, అందులో పెద్ద వాటా సాధారణంగా నేలది. మేం గ్రానైట్ వేయించినందుకే పెరిగానని తమరు మమ్మల్ని నమ్మిస్తారు. పెరిగింది దాని కిందున్న మట్టి. పైగా వీధిలో మిగతా ఇళ్లన్నీ మామూలుగా ఉంటే, ఒక్క ఇంటికి ఎంత బంగారు పూత పూసినా ధరను ఆ వీధే పట్టి కిందికి లాగుతుందట. అంటే మా స్నానాలగది కంటే పక్కింటివాళ్ల ప్రహరీ మీద ఖర్చుపెడితే లాభమేమో! వాళ్లను అడిగి చూస్తాను.

అమ్మకానికి పెట్టే నెలలో తమరి మహిమ ఉచ్ఛస్థితికి చేరుతుంది. ఏళ్ల తరబడి కారిన కుళాయి ఆగిపోతుంది. భుజంతో తోస్తే తప్ప తెరుచుకోని తలుపు వేలితో తెరుచుకుంటుంది. సామాను సగం మాయమై, గదులు ఫోటోల్లో బంతి ఆడుకునేంత పెద్దవవుతాయి. ఇంటివాళ్లు మొదటిసారి సుఖంగా ఉండి, తాళాలు అప్పగించి వెళ్లిపోతారు. వచ్చినవాడైనా ఆ సుఖం అనుభవిస్తాడా అంటే, ఆయనకూ తన తరవాత కొనబోయేవాడి బెంగ పట్టుకుంటుంది. ఆ తరవాతివాడికీ అంతే. నలుగురు యజమానులు మారిన ఇంట్లో ఒక్కరూ కాపురం చేయకపోవడం తమరి పాలనలో మాత్రమే సాధ్యం.

కాబట్టి తమరితో ఒక ఒప్పందానికి వస్తున్నాను. డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తాం, పాత వైర్లు మార్పిస్తాం, ఎర్త్ సరిచూపిస్తాం, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుంటాం. ఏ పని ఎప్పుడు ఎవరితో చేయించామో రసీదులతో సహా ఒక ఫైలులో పెడతాం. తమరిని నిజంగా నిలబెట్టేవి ఇవేనని, ఎవరూ మెచ్చుకోకపోయినా చేయించేస్తాం. బదులుగా అమ్మాయి గదికి ముదురు ఆకుపచ్చ మంజూరు చేయాలి. వరండా గోడకు మేకులు కొట్టుకునే హక్కు ఇవ్వాలి, లెక్క అడగకూడదు. వంటగది గట్టు మీద మచ్చ పడితే దాన్ని మచ్చ అనే అనాలి, నష్టం అనకూడదు.

ఈ కోరికలు మన్నించని పక్షంలో, ఇల్లు తమరి కోసమే నడుస్తోందని భావించి, వచ్చే నెల నుంచి గృహరుణం వాయిదా, ఇంటి పన్ను, నీటి బిల్లు తమరి పేరున పంపించగలవాడను. చిరునామా తెలియజేయగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు,
కాగితాల మేరకు ఇంటి యజమాని