గుండె లయ తప్పితే నడుము కూడా కొలవాలి

గుండె దడతో వచ్చిన మధుమేహ రోగికి ఈసీజీ తీస్తారు. లయను అదుపు చేసే మందు, రక్తం గడ్డకట్టకుండా మరో మాత్ర రాస్తారు. చీటీ చేతికిస్తూ ‘కాస్త బరువు తగ్గండి’ అంటారు. ఆ మాట మాత్రం చీటీ మీద ఉండదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ విషయంలో అది చికిత్సగా చీటీలోకి ఎక్కాలన్నది నా వాదన.

ఈ జబ్బులో గుండె పై గదులు ముడుచుకోవడం మాని వణుకుతాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే. స్థూలకాయుల్లో ఇది ఎక్కువని ఎప్పటినుంచో తెలుసు. రక్తపోటు పెరిగి గదులు సాగుతాయని కారణం చెప్పేవారు. అది నిజమే కానీ, సగమే.

మిగతా సగం గుండెను అంటుకుని ఉండే కొవ్వులో ఉంది. ఆ కొవ్వుకూ గుండె కండరానికీ మధ్య అడ్డుపొర లేదు, రెండింటికీ సూక్ష్మ రక్తనాళాలు ఉమ్మడివే. అది పెరిగి రోగగ్రస్తమైతే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) రసాయనాలు నేరుగా కండరంలోకి దిగుతాయి. క్రమంగా అక్కడ మచ్చ కణజాలం పేరుకుని విద్యుత్ సంకేతాల దారి చెడుతుంది. మధుమేహం మరోవైపు నుంచి దెబ్బతీస్తుంది. అధిక గ్లూకోజ్ వల్ల కామ్‌కే-2 అనే ఎంజైమ్ ఆగకుండా పనిచేస్తూ, కణంలోని నిల్వల నుంచి కాల్షియం లీకయ్యేలా చేస్తుందని 2013లో తేలింది. ఆ లీకు వేళకాని స్పందనలు పుట్టిస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగుల గుండె కణాల్లోనే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే వాపు యంత్రాంగం చురుగ్గా ఉందని 2018లో మరో పరిశోధన చూపింది.

అయితే వాపు తగ్గించే మాత్ర వేస్తే సరిపోదా? అంత తేలిక కాదు. ఛాతీలో గుండెకు సంబంధం లేని శస్త్రచికిత్సలు చేయించుకున్నవారికి వాపు తగ్గించే కోల్చిసిన్ అనే మందు ఇచ్చి చూస్తే లయ సమస్య చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని 2023లో వెల్లడైంది. అక్కడి పరిస్థితి వేరనుకున్నా, ఆశ పెంచే ఫలితం కాదు.

బరువు సంగతి వేరు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన లెగసీ అధ్యయనం (2015) ప్రకారం, పది శాతం లేదా అంతకుమించి బరువు తగ్గినవారిలో దాదాపు 45 శాతం మందికి మందులు, అబ్లేషన్ (లయ చెడగొట్టే గుండె కణజాలాన్ని కాల్చే చికిత్స) లేకుండానే లయ నిలబడింది. మూడు శాతం కూడా తగ్గనివారిలో ఆ సంఖ్య 13. రోగులను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి చేసిన ప్రయోగం కాదు కాబట్టి కొంత తగ్గించి చూడాలి. ఇంకో సంగతి: తగ్గిన బరువు మళ్లీ పెరుగుతూ తగ్గుతూ ఉన్నవారికి ఆ మేలు బాగా తరిగిపోయింది. పెళ్లిళ్ల ముందు పదిహేను రోజుల డైట్లు చేసేవారు ఇది గమనించాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్కల్లో దేశంలో మధుమేహులు పది కోట్ల పైమాటే. పొట్ట దగ్గర కొవ్వున్నవారు దాదాపు 40 శాతం, బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు) లెక్కన స్థూలకాయులు 29 శాతం. అంటే తూనిక యంత్రం వదిలేసినవారిని టేపు పట్టుకుంటుంది: మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. షుగరు పరీక్షకు వచ్చినవారి నడుము కొలిచి, నిమిషంపాటు నాడి చూసి, అది గతి తప్పితే ఈసీజీకి పంపడం ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా సాధ్యమే.