రిమోట్ మింగిన రెండు నిమిషాలు

గత ఆదివారం మా ఎదురు ఫ్లాట్‌లో పిల్లలకు ‘బాంబి’ వేశారు. 1942లో వాల్ట్ డిస్నీ తీసిన జింకపిల్ల కథ. నిడివి 70 నిమిషాలు. ఆ ఇంట్లో మాత్రం 68. మిగతా రెండూ రిమోట్ మింగేసింది.

ఇంటాయన మొదట్నుంచీ రిమోట్ పట్టుకునే కూర్చున్నాడు, గ్యాస్ బండ మార్చేవాడంత జాగ్రత్తగా. మంచు మధ్య కొత్త గడ్డి కనబడింది. తల్లీ పిల్లా మేస్తున్నాయి. తల్లి ఉలిక్కిపడి తలెత్తింది. ఈయన బొటనవేలు కూడా లేచింది. తల్లి పరుగెత్తమంటోంది, వెనక్కి చూడొద్దంటోంది... టక్. వసంతం వచ్చేసింది. పిట్టలు పాడుతున్నాయి.

“వాళ్లమ్మేది?” అంది ఐదేళ్ల పాప.

“షాపింగ్‌కెళ్లిందమ్మా” అంటూ పకోడీల ప్లేటు ముందుకు జరిపాడు.

ఆ అడవిలో ఏ మాల్ తెరిచారో మరి!

ఇంతకీ ఆయన తప్పించిన ఘోరం ఏమిటి? ఒక తుపాకి చప్పుడు. తల్లి పడిపోవడం చూపించరు. నెత్తురు చుక్క ఉండదు. వేటగాడి ముఖం సినిమా మొత్తంలో ఎక్కడా కనబడదు. పిల్ల మంచులో అమ్మను పిలుస్తూ తిరుగుతుంది, పెద్ద మగజింక వచ్చి మీ అమ్మ ఇక నీతో ఉండదని చెబుతుంది. అంతే. సినిమావాళ్లు దాచినదాన్నే ఈయన మళ్లీ దాచాడు.

2018లో అమెరికాలోని మిస్సోరీలో, దొంగచాటుగా వందల జింకల్ని చంపినవాడికి ఏడాది జైలు వేసి, నెలకోసారైనా ఈ సినిమా చూడాలని జడ్జి తీర్పిచ్చారు. మా ఎదురింటాయన అక్కడ జైలరయ్యుంటే ఆ ఖైదీ హాయిగా పిట్టపాటలు విని బయటికొచ్చేవాడు.

తర్వాత పెద్దవాళ్ల సినిమా పెట్టారు. హీరో కత్తి తీశాడు. రిమోట్ టీపాయ్ మీద నిద్రపోతోంది. నోట్లో ముద్ద పెట్టుకుని పాప తెగిన తలలు లెక్కపెట్టింది: పద్దెనిమిది, పంతొమ్మిది... “మా పాపకి వంద దాకా వచ్చండీ” అని ఆయన మురిసిపోయాడు.

నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ పోయినేడు ఎదురింటాయన నాన్న పోయినప్పుడు, తెల్లారకముందే ఈ పాపని మా ఇంట్లో దింపారు. “తాతయ్య ఊరెళ్లాడు” అన్నారు. కడసారి దణ్ణమైనా పెట్టించలేదు. ఎవర్ని కాపాడావయ్యా? చెప్పే దమ్ము నీకు లేక పసిమనసు అని దానిమీదికి నెట్టావు. తాత కోసం ఏడవడానికి కూడా ఆ పిల్లకి నీ పర్మిషన్ కావాలా?

ఇప్పటికీ లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే తొంగిచూస్తుంది. నిన్న నన్నడిగింది, తాతయ్య బస్సులో వస్తాడా, రైల్లోనా అని.