నోకియా మునిగింది బయటివాడు వచ్చినందుకు కాదు

ఫోన్ల కంపెనీ నోకియాకు సీఈవోగా చేసిన స్టీఫెన్ ఈలప్ పేరెత్తగానే "బయటివాడొచ్చి నోకియాను ముంచాడు" అంటారు. ఈ మాట నాకు అస్సలు మింగుడుపడదు. 1993లో కంప్యూటర్ల కంపెనీ ఐబీఎమ్ పగ్గాలు పట్టిన లూ గెర్స్ట్‌నర్ కూడా బయటివాడే. అంతకుముందు బిస్కెట్లు, సిగరెట్ల కంపెనీ నడిపాడు. ఆ ఏడాది ఐబీఎమ్ నష్టం 800 కోట్ల డాలర్లు దాటింది. అయినా కంపెనీని ముక్కలు కానివ్వకుండా నిలబెట్టాడు.

ఈలప్ చేసిన తప్పు వేరు. 2010 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చాడు. 2011 ఫిబ్రవరిలో, మనం సముద్రంలో తగలబడుతున్న చమురు బావి వేదిక మీద నిలబడ్డామని ఉద్యోగులకు రాశాడు. అది బయటికి పొక్కింది. కొద్దిరోజులకే నోకియా ఫోన్లను నడిపే సింబియన్ సాఫ్ట్‌వేర్‌ను పక్కనపెట్టి, మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు మారుతున్నామని ప్రకటించాడు. ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌తో తొలి ఫోన్ లూమియా వచ్చిందేమో ఆ ఏడాది చివర్లో! అప్పటిదాకా షాపులవాళ్లు ఏం అమ్ముకోవాలి?

మా గుంటూరులో ఏ మిర్చి వ్యాపారినైనా అడగండి. కొత్త పంట యార్డుకు రాకముందే, కోల్డ్ స్టోరేజీలో ఉన్న తన సరుకు పనికిరాదని ఎవరైనా చాటింపు వేసుకుంటారా? అరండల్‌పేటలో ఫోన్లు అమ్మే మా బావ అప్పుడు పడ్డ టెన్షన్ నాకు తెలుసు. సింబియన్ ఫోన్ ఎన్8 చేతిలో పెడితే ఇంజనీరింగ్ పిల్లలు "ఇది ఆపేస్తారంట కదన్నా" అని వెనక్కి ఇచ్చేసేవాళ్లు. డబ్బు పోసి తెచ్చిన సరుకు అద్దాల బీరువాలోనే ఉండిపోయింది.

అంతకుముందు అంతా బాగుందని నేననను. రెండు సిమ్‌ల ఫోన్ కావాలని జనం మొత్తుకుంటుంటే నోకియా తాత్సారం చేసింది, ఆ గిరాకీని మైక్రోమాక్స్ లాంటివాళ్లు పట్టుకుపోయారు. ఆ తప్పు పాత యాజమాన్యానిదే. కానీ మీగో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో 2011లోనే వచ్చిన ఎన్9 చక్కటి ఫోన్. అది ఎంత బాగా అమ్ముడైనా ఆ దారిలో వెళ్లేది లేదని ఈలప్ ముందే తేల్చేశాడు. చేతిలో ఉన్నదాన్ని ఇలా కాలదన్నుకోవడం నాకిప్పటికీ మనసుకు పట్టదు.

2013 సెప్టెంబరులో ఫోన్ల వ్యాపారాన్ని, పేటెంట్ల లైసెన్సుతో కలిపి, 544 కోట్ల యూరోలకు మైక్రోసాఫ్ట్‌కే అమ్ముతున్నట్టు ప్రకటించారు. నోకియాను వదిలి వెళ్లినందుకు ఈలప్‌కు ముట్టింది 1.88 కోట్ల యూరోలకు పైనే. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు ప్లాంటు పన్ను గొడవ వల్ల ఆ అమ్మకంలో చేరలేదు, 2014 నవంబరులో మూతపడింది. వేలమంది బతికిన చోటది. పన్ను గొడవే కారణమని నేను సరిపెట్టుకోలేను. ఫోన్లు అమ్ముడవుతుంటే అసలు ఆ వ్యాపారాన్ని వదిలించుకోవాల్సిన గతి ఎందుకు పడుతుంది? బోర్డు మీద కూడా నాకు అంతే కోపం. ఆ ఫిబ్రవరి ప్రకటనకు ఆయన్ని నిలదీయాల్సింది పోయి, ఇంకో రెండున్నరేళ్లు అదే కుర్చీలో కూర్చోబెట్టింది.