బూడిద ఇటుకల ఇల్లు అణు రియాక్టర్ కాదు

విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పర్యావరణంలో రేడియోధార్మికత మీద ప్రపంచ శాస్త్రవేత్తలు సదస్సు పెట్టారు. థర్మల్ కేంద్రాల బూడిద అణు వ్యర్థాల కన్నా ప్రమాదమని తేల్చారు. ఇబ్రహీంపట్నం బూడిద ఇటుకల ఇంట్లో ఉంటే క్యాన్సర్ ఖాయం" అని. దాని కింద, ఇటుక మీద పెట్టిన రేడియేషన్ కొలిచే మీటరు టిక్కుటిక్కుమనే వీడియో. అప్పు చేసి ఇల్లు కట్టుకుంటున్న వాళ్లు ఇది చూసి టెన్షన్ పడుతున్నారు. చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు.

సదస్సు మాట ముందు. అలాంటివి 2014లో బార్సిలోనాలో, 2017లో బెర్లిన్‌లో, 2022లో ఓస్లోలోనూ జరిగాయి. చెర్నోబిల్, ఫుకుషిమా అణు ప్రమాదాల్లో వెలువడిన సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం నేలలో, అడవిలో, చేపల్లో ఎంత మిగిలింది, ఎటు పోతోంది అన్న లెక్కలు అక్కడ చెప్పుకుంటారు. శాస్త్రవేత్తలు కూర్చుని లెక్కలు చూసుకున్నంత మాత్రాన ముప్పు ముంచుకొచ్చినట్టు కాదు.

"అణు వ్యర్థాల కన్నా" అన్న పోలిక పాతది. 1978లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. బొగ్గు కేంద్రమూ అణు కేంద్రమూ మామూలుగా నడుస్తున్నప్పుడు గాల్లోకి వదిలేవాటిని పోల్చారు. వాడేసిన అణు ఇంధనం ఊసు ఆ పోలికలో లేదు. రియాక్టర్ నుంచి అప్పుడే తీసిన ఆ ఇంధనం దగ్గర అడ్డేమీ లేకుండా కొద్ది నిమిషాలు నిలబడితే ప్రాణం పోతుంది. బూడిద కుప్పల మధ్య మనవాళ్లు రోజంతా ఇటుకలు చేస్తున్నారు.

బూడిదలో యురేనియం, థోరియం అనే రేడియోధార్మిక లోహాలు ఉన్న మాట నిజమే. బొగ్గు కాలిపోయినా అవి కాలవు కదా. అయితే మన బొగ్గులో బూడిదే 30 నుంచి 45 శాతం. టన్ను కాలిస్తే 300 కిలోలకు తక్కువ కాకుండా మిగులుతుంది. అంటే బొగ్గులో ఉన్నది బూడిదలో రెండు మూడు రెట్లు చిక్కబడుతుంది, అంతే. వంటగట్టుకు వేసుకునే గ్రానైట్‌లోనూ ఇవే ఉంటాయి. పైగా బూడిద రేణువులు కరిగి గాజులా గట్టిపడినవి, వాటిలోంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు సులువుగా బయటికి రాదు. ఎర్ర ఇటుకలతో కట్టినవాళ్లు కూడా ఒకసారి సిమెంట్ బస్తా చూడండి. పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజొలానా సిమెంట్, అంటే బూడిద కలిపిన రకం) అని ఉంటే అందులో 15 నుంచి 35 శాతం బూడిదే.

మీటరు టిక్కుమనడానికి ఇటుకే అక్కర్లేదు. నేల నుంచి, ఆకాశం నుంచి, మన ఒంట్లోని పొటాషియం నుంచి కూడా రేడియేషన్ వస్తూనే ఉంటుంది. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. ఇలా సహజంగా తగిలేదాని ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు, అందులో సగం దాకా రేడాన్‌దే. ఇటుక తీసేస్తే అదే చోట మీటరు ఎంత చూపించిందో ఆ వీడియోలో లేదు.

నాకు అసలు బాధ వేరు. పట్టా సరిగా కప్పని లారీ వెళ్తే చాలు, దారి పక్క ఇళ్లలో ఆరేసిన బట్టల మీద, కిటికీ ఊచల మీద, మూత తీసిన బిందెలో సన్నటి బూడిద పడుతుంది. అందులోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. థర్మల్ కేంద్రాల బూడిద నింపే చెరువుల నుంచి ఆర్సెనిక్ లాంటి విషాలు భూగర్భజలంలోకి దిగొచ్చు. లారీలకు పట్టా కప్పించమని, చెరువుల మీద నీళ్లు చల్లించమని, చుట్టుపక్కల బోరునీళ్లు పరీక్ష చేయించి ఫలితాలు పంచాయతీ గోడకు అంటించమని అర్జీ రాద్దాం. ఆ మెసేజ్ పంపినవాళ్లందరూ దాని మీద సంతకం పెట్టండి.