కుక్కది కాదు, దోమది తప్పు

కంటి పురుగుల మీద వచ్చిన ఒక వ్యాసంలో, మనిషి కంటి నుంచి బతికున్న పురుగును తీసిన ఫొటో చూసి కింద చాలామంది 'కుక్కల్ని ముద్దు చేస్తే ఇంతే' అని రాశారు. ముట్టుకుంటే రాదండీ. కేరళలో తరచూ బయటపడే ఈ పురుగు డైరోఫైలేరియా రెపెన్స్. కుక్క చర్మం కింద ఉంటుంది, దాని పిల్లలు రక్తంలో తిరుగుతాయి. ఆ రక్తం తాగిన దోమ కొన్నాళ్లకు మనల్ని కుడితే మనకు వస్తుంది. బోదకాలు పురుగుకు దూరపు చుట్టం, వచ్చే దారీ అదే. కాకపోతే మనిషి ఒంట్లో సాధారణంగా దీని సంతతి పెరగదు. ఒంటరిగా తిరిగి తిరిగి ఒక్కోసారి కంటి తెల్లగుడ్డు మీది పొర కింద తేలుతుంది. చిన్న కోతతో తీసేస్తే చాలామందికి అక్కడితో సరి.

ఆ వ్యాసంలో థెలేజియా అనే మరో కంటి పురుగును కూడా ఇందులోనే కలిపేశారు. అది వేరు. కన్నీళ్లు తాగడానికి కంటి మీద వాలే ఈగలు మోసుకొస్తాయి, రెప్పల కింద నీళ్లలోనే బతుకుతుంది. 2016లో అమెరికాలోని ఒరెగాన్‌కు చెందిన ఒక యువతి కంట్లోంచి ఇలాంటివి 14 వచ్చాయి. అవి పశువుల కళ్లలో ఉండే థెలేజియా గులోసా రకం, అప్పటిదాకా మనుషుల్లో ఎవరూ చూడనిది. అందులో చాలావాటిని ఆమె తన వేళ్లతోనే తీసుకుందట! మీరు మాత్రం ఆ పని చేయకండి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా కుక్క రక్తపు చుక్కను పశువైద్యుడు మైక్రోస్కోపులో చూపించినప్పుడు సన్నటి దారాల్లాంటివి గిలగిలా కొట్టుకుంటున్నాయి. కుక్కేమో ఎప్పటిలాగే హుషారుగా తోక ఊపుతోంది. ఆ రోజు నుంచి దానికి నెలనెలా డాక్టరు రాసిన మందు, మాకు దోమతెర.